సెంట్రల్ లైన్ డ్రెస్సింగ్ రోజూ విప్పాలా, వారం దాకా ఉంచాలా?

అమ్మకుతోడు

మా అమ్మకు కీమోథెరపీ కోసం చేతి పైభాగంలో పిక్ లైన్ వేశారు, అంటే చేతి రక్తనాళం నుంచి గుండె దగ్గరి పెద్ద సిర దాకా వెళ్లే సన్నని గొట్టం, సెంట్రల్ లైన్లలో ఒక రకం. ఆసుపత్రిలో పారదర్శకమైన పొర అంటించి, మీద తేదీ రాసి, తడవకుండా, ఊడకుండా ఉంటే వారం వరకు విప్పవద్దని చెప్పి పంపించారు. ఇప్పుడు ఇంటికి వచ్చి చూస్తున్న నర్సు గారు ఆ మాట ఒప్పుకోవడం లేదు. వారం రోజులు మూసి ఉంచితే లోపల చెమట పట్టి చీము పడుతుందని, ప్రతిరోజూ విప్పి శుభ్రం చేసి, యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రాసి, గాజ్ గుడ్డ పెట్టి ప్లాస్టర్ వేయాలని ఆవిడ పట్టుదల. ఇరువైపులా ఏళ్ల తరబడి ఈ పని చేసినవారే కనుక ఎవరి మాటనూ తీసిపారేయలేకపోతున్నాను. అమ్మకు తెల్లకణాలు తగ్గి ఉన్నాయి, ఇన్‌ఫెక్షన్ వస్తే తట్టుకోవడం కష్టమని డాక్టరు ముందే హెచ్చరించారు. ఈ రెండు పద్ధతుల్లో ఏది సరైనదో, ఎందుకు సరైనదో తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

రాత్రిడ్యూటీ

ఐసీయూలో పనిచేస్తాను. మీ ఆసుపత్రివారు చెప్పినదే ఇప్పుడు ఎక్కువ చోట్ల అనుసరిస్తున్న పద్ధతి. పారదర్శక పొరను 7 రోజులకొకసారి, గాజ్ గుడ్డను 2 రోజులకొకసారి మార్చాలని అమెరికా ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ సీడీసీ 2011 మార్గదర్శకాల్లో ఉంది. అక్కడి ఇన్‌ఫెక్షన్ నిపుణుల సంఘాలు 2022లో సవరించిన సిఫారసుల్లోనూ ఆ గడువులు మారలేదు. అయితే రెండు గడువులకూ ఒకే షరతు వర్తిస్తుంది. డ్రెస్సింగ్ తడిసినా, మురికి పట్టినా, కింద రక్తం ఊరినా, అంచు లేచినా ఎన్నో రోజు అన్న లెక్క చూడకుండా వెంటనే మార్చాలి.

రోజూ విప్పడం వల్ల మేలు జరగకపోగా మూడు నష్టాలు ఉన్నాయి. జిగురు పొరను పీకిన ప్రతిసారీ చర్మం పైపొర కొంత ఊడివస్తుంది, అలా దెబ్బతిన్న చర్మం మీద సూక్ష్మజీవులు సులువుగా నిలదొక్కుకుంటాయి. పీకేటప్పుడు లైన్ కొద్దిగా లోపలికీ బయటికీ కదులుతుంది, ఆ కదలికతో చర్మం మీది క్రిములు లైన్ లోపలికి వెళ్లే రంధ్రంలోకి దిగుతాయి. ఇక మూడవది, విప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరి చేతులు, ఎవరో ఒకరి ఊపిరి ఆ రంధ్రానికి దగ్గరగా వస్తాయి.

పాత_స్టాఫ్‌నర్సు

నేను గాజ్ గుడ్డల కాలం నుంచి ఉన్నదాన్ని, ఆ నర్సు గారి భయం అర్థంలేనిది కాదు. రంధ్రం దగ్గర ఏం జరుగుతోందో ప్రతిరోజూ చూడటం నర్సు బాధ్యత. గుడ్డ కట్టినప్పుడు విప్పితే తప్ప ఏమీ కనబడదు. పైగా విపరీతంగా చెమట పట్టే రోగులకు పారదర్శక పొర సగం రోజు కూడా నిలవదు. పుస్తకంలో 7 అని రాసి ఉందని చెమటలో నానుతున్న పొరను అలాగే వదిలేసినవారిని నేను చూశాను. రోజూ విప్పే అలవాటు అలాంటి నిర్లక్ష్యం నుంచే పుట్టింది.

రాత్రిడ్యూటీ

స్టాఫ్‌నర్సు గారూ, రోజూ చూడాలన్న మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, చూడటానికి విప్పనవసరం లేదన్నదే నా వాదన. పారదర్శక పొర వచ్చిందే అందుకోసం. గాజ్ గుడ్డ ఉన్నప్పుడు దాని మీదనుంచే మెల్లగా వేళ్లతో నొక్కి చూస్తాము. నొప్పి లేకపోతే, జ్వరం లేకపోతే, గుడ్డ పొడిగా ఉంటే అలాగే ఉంచుతాము. నొప్పి ఉన్నా, కారణం తెలియని జ్వరం వచ్చినా అప్పుడు విప్పి చూస్తాము.

చెమట ఎక్కువ పట్టేవారికి, రంధ్రం నుంచి రక్తం ఊరుతున్నవారికి ఆ ఇబ్బంది తగ్గేవరకు గాజ్ గుడ్డే మేలన్నది కూడా మార్గదర్శకాల్లో ఉన్న మాటే. ఒక్క విషయం చాలామంది మరచిపోతారు. పారదర్శక పొర కింద రంధ్రం కనబడకుండా గాజ్ ముక్క పెట్టినప్పుడు దాన్ని గాజ్ డ్రెస్సింగ్‌గానే లెక్కించాలి, దాని గడువు 2 రోజులే. పైన పొర ఉంది కదా అని వారం ఉంచకూడదు.

కల్చర్_ప్లేటు

మైక్రోబయాలజీ ల్యాబులో ఉంటాను, క్రిములు ఏ దారిన వెళతాయో చెబితే ఈ చర్చకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ప్రధానంగా రెండు దారులు ఉన్నాయి. మొదటిది చర్మం మీద నుంచి రంధ్రం గుండా, గొట్టం బయటి గోడ వెంట లోపలికి వెళ్లేది. కొద్ది రోజుల కోసం వేసే లైన్లలో ఇదే ముఖ్యమైన దారి. రెండవది హబ్ నుంచి, అంటే సిరంజి తగిలించే మూతి నుంచి, గొట్టం లోపలి గోడ వెంట వెళ్లేది. నెలల తరబడి ఉండే లైన్లలో ఈ రెండవ దారికే ప్రాధాన్యం ఎక్కువ. ఒంట్లో మరోచోట ఉన్న ఇన్‌ఫెక్షన్ రక్తం ద్వారా వచ్చి గొట్టాన్ని పట్టుకోవడం, ఎక్కించే ద్రవమే కలుషితమై ఉండటం కూడా ఉన్నాయి గాని అవి అరుదు.

మా దగ్గర ఎక్కువగా పెరిగేవి చర్మం మీద మామూలుగా ఉండే స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ వంటి క్రిములు. వాటితో పాటు స్టెఫిలోకాకస్ ఆరియస్, ఎంటెరోకాకస్, గ్రామ్ నెగెటివ్ బ్యాసిల్లై, క్యాండిడా ఫంగస్ కనబడతాయి. ఇవి గొట్టం గోడకు అంటుకుని, చుట్టూ జిగురు వంటి పదార్థాన్ని తయారుచేసుకుని బయోఫిల్మ్‌గా ఏర్పడతాయి. తడి రాయి మీద పాచి పట్టినట్టు ఒకసారి పట్టిందంటే యాంటీబయాటిక్ దాని లోపలికి సరిగా చేరదు, ఎన్నోసార్లు లైన్ తీసివేయడం తప్ప వేరే మార్గం ఉండదు. అందుచేత పట్టకుండా చూసుకోవడం మీదనే శ్రమంతా పెట్టాలి.

చీము గురించి ఒక హెచ్చరిక. అమ్మకుతోడు గారూ, మీ నర్సు గారు చీము కోసం చూస్తున్నారు. చీము ఏర్పడాలంటే తెల్లకణాలే కావాలి. మీ అమ్మగారికి అవి తగ్గి ఉన్నాయి కనుక ఇన్‌ఫెక్షన్ ఉన్నా రంధ్రం దగ్గర ఎరుపు గాని చీము గాని కనబడకపోవచ్చు. మామూలు రోగుల్లో కూడా రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉండి రంధ్రం శుభ్రంగా కనబడటం సర్వసాధారణం. రంధ్రం బాగుంది కాబట్టి లైన్ బాగుందని ఎవరూ నిశ్చింతగా ఉండకూడదు.

హిక్‌మన్_తో_జీవితం

కల్చర్_ప్లేటు గారు చెప్పిన రెండవ దారి గురించి రోగిగా నా అనుభవం రాస్తాను. నాకు చాలాకాలంగా ఛాతీలో హిక్‌మన్ లైన్, అంటే దీర్ఘకాలం ఉంచే ఒక రకం సెంట్రల్ లైన్, ఉంది, పోషకాహారం దాని ద్వారానే ఎక్కుతుంది. డ్రెస్సింగ్ విషయంలో అందరూ ఎంతో జాగ్రత్తగా ఉంటారు. అదే మనుషులు హబ్ దగ్గరికి వచ్చేసరికి స్పిరిట్ దూదితో అలా తాకించి సిరంజి తగిలిస్తారు. డ్రెస్సింగ్ వారానికొకసారి తెరుచుకుంటే హబ్ రోజుకు ఎన్నోసార్లు తెరుచుకుంటుంది. సిరంజి తగిలించే ముందు ప్రతిసారీ, ఫ్లష్ (గొట్టంలోకి సెలైన్ నెట్టి కడగడం) తరువాత మందు ఎక్కించేటప్పుడు కూడా, కొత్త ఆల్కహాల్ స్వాబ్‌తో మూతిని, దాని మరలను గట్టిగా రుద్ది ఆరనివ్వాలని నాకు నేర్పించారు. 15 సెకన్లు రుద్దమని నాకు నేర్పిన నర్సు చెప్పారు. తొందరలో ఉన్నవారు మానేస్తే నేనే మర్యాదగా గుర్తు చేస్తాను, ఇంతవరకు ఎవరూ నొచ్చుకోలేదు.

రాత్రిడ్యూటీ

మీరు గుర్తు చేయడం మాకు సహాయమే, దయచేసి మానవద్దు. ఎన్ని సెకన్లు అన్న దానిపై 5 నుంచి 15 వరకు రకరకాలుగా చెబుతారు. 5కు తగ్గకుండా ఒత్తిపెట్టి రుద్దాలన్నది 2022 సిఫారసుల్లో ఉంది. మా విభాగంలో 15 అని నియమం పెట్టుకున్నాము, ఎందుకంటే 5 అని చెబితే చేతిలో 2 అవుతుంది. ఆల్కహాల్ నింపిన మూతలు కూడా వస్తున్నాయి. వాటిని హబ్ మీద బిగించి ఉంచితే మూతి ఎప్పుడూ ఆల్కహాల్‌లోనే ఉంటుంది. తీసిన మూతను మళ్లీ పెట్టకుండా కొత్తది వాడాలి.

అమ్మకుతోడు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. హబ్ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేను డ్రెస్సింగ్ గురించే ఆందోళన పడుతున్నాను. మరి ఆయింట్‌మెంట్ మాటేమిటి? చర్మం మీది క్రిములను చంపే పోవిడోన్ అయోడిన్ ద్రావణంతో తుడిచి, ఆరకముందే దాని మీద ఆయింట్‌మెంట్ రాస్తున్నారు. క్రిములను చంపే మందే కదా, రాస్తే నష్టమేముంటుందని ఆవిడ అడుగుతున్నారు, నా దగ్గర జవాబు లేదు.

కల్చర్_ప్లేటు

నష్టం ఉంది. యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ కొన్ని బ్యాక్టీరియాలను అణచివేస్తే ఖాళీ అయిన చోటులో ఫంగస్ పెరుగుతుంది, తట్టుకోగల బ్యాక్టీరియా మిగులుతుంది. కీమో రోగికి క్యాండిడా రక్తంలోకి వెళ్లడం చాలా ప్రమాదకరం. అదీగాక జిడ్డు ఉన్నచోట పొర అంటదు. మ్యూపిరోసిన్ వంటి కొన్ని ఆయింట్‌మెంట్ల ఆధారపదార్థంలో ఉండే గ్లైకాల్ అనే రసాయనం పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్ గొట్టాన్ని బలహీనపరుస్తుంది కూడా. లైన్ రంధ్రం దగ్గర యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ వాడవద్దని మార్గదర్శకాలు చెప్పడానికి కారణాలు ఇవే.

డయాలిసిస్_గది

ఒక మినహాయింపు ఉన్నదని చెప్పకపోతే మా రోగులు ఎవరైనా ఇది చదివి కంగారుపడతారు. డయాలిసిస్ కోసం వేసే క్యాథెటర్లకు (గొట్టాలకు), వాటి తయారీదారు అనుమతించిన పక్షంలో, ప్రతి డయాలిసిస్ చివర రంధ్రం దగ్గర పోవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంట్ గాని, నిర్దేశించిన కొన్ని యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్లు గాని రాయడం సిఫారసుల్లోనే ఉంది. ఆ క్యాథెటర్ల డ్రెస్సింగ్‌ను, హబ్‌ను మా గదిలో శిక్షణ పొందినవారే ముట్టుకోవాలి. రక్త పరీక్షకో, మామూలు సెలైన్‌కో ఆ లైన్‌ను వాడమని అడిగితే కాదని చెప్పండి.

పాత_స్టాఫ్‌నర్సు

ఆయింట్‌మెంట్ విషయంలో నేను మీ పక్షమే, మా చోట అది ఎప్పుడో మానేశాము. పోవిడోన్ అయోడిన్‌ను మాత్రం అందరూ ఎందుకు తక్కువచేసి చూస్తున్నారో నాకు అర్థం కాదు. ఎన్నో ఏళ్లు దానితోనే నెట్టుకొచ్చాము.

గుండెవార్డు

తక్కువచేయడం కాదండీ, పోల్చి చూసిన పరిశోధన ఉంది. ఫ్రాన్స్‌లోని 11 ఐసీయూల్లో 2,546 మంది రోగుల మీద జరిపిన అధ్యయనం 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. చర్మం శుభ్రం చేయడానికి ఒక వర్గానికి ఆల్కహాల్‌లో కలిపిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారకాన్ని, మరొక వర్గానికి ఆల్కహాల్‌లో కలిపిన పోవిడోన్ అయోడిన్‌ను వాడారు. క్యాథెటర్ ఇన్‌ఫెక్షన్లు వెయ్యి క్యాథెటర్ రోజులకు (ఒక గొట్టం ఒక రోజు ఉంటే ఒక క్యాథెటర్ రోజు) మొదటి వర్గంలో 0.28, రెండవ వర్గంలో 1.77 వచ్చాయి. మందు పూసే ముందు డిటర్జెంటుతో చర్మాన్ని రుద్దడం వల్ల అదనపు ప్రయోజనం లేదని కూడా ఆ అధ్యయనంలోనే తేలింది. అయితే క్లోర్‌హెక్సిడిన్ వాడినవారిలో తీవ్రమైన చర్మ ప్రతిచర్యలు కొంత ఎక్కువ, దాదాపు 3 శాతం మందిలో కనబడ్డాయి.

క్లోర్‌హెక్సిడిన్ పడనివారికి పోవిడోన్ అయోడిన్ గాని, 70 శాతం ఆల్కహాల్ గాని వాడటంలో తప్పేమీ లేదు. అమ్మకుతోడు గారు రాసిన మాటల్లో నన్ను కలవరపెట్టినది వేరే ఉంది, అది "ఆరకముందే" అన్న మాట. పోవిడోన్ అయోడిన్ పూర్తిగా ఆరేవరకు, కనీసం 2 నిమిషాలు, వదిలేయాలి. ఆరకముందే తుడిచినా, దాని మీద ఇంకేదైనా రాసినా అది చేయవలసిన పని సగంలోనే ఆగిపోతుంది.

రాత్రిడ్యూటీ

ఆరనివ్వడం గురించి గుండెవార్డు గారు అన్నదానికి ఇంకొంత కలుపుతాను, ఎందుకంటే ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. ఆల్కహాల్‌లోని క్లోర్‌హెక్సిడిన్‌ను రంధ్రం చుట్టూ 30 సెకన్ల పాటు ముందుకూ వెనక్కూ ఒత్తి రుద్దాలి. నెమ్ము ఉండే గజ్జల వంటి చోట్ల 2 నిమిషాలు రుద్దాలి. పిదప దానంతట అది ఆరాలి. నోటితో ఊదకూడదు, చేత్తో విసరకూడదు, గాజ్‌తో అద్దకూడదు. తడి మీదనే పొర అంటిస్తే ఆల్కహాల్ కింద చిక్కుకుని చర్మం మండి బొబ్బలెక్కుతుంది, పొర కూడా పట్టదు. మరునాటికే అంచు లేచిందంటే చాలావరకు కారణం తడి మీద అంటించడమే.

ఇంటిసేవ_నర్సు

ఇళ్లకు వెళ్లి డ్రెస్సింగ్ చేయడమే నా వృత్తి, కనుక ఆ నర్సు గారి పరిస్థితి నాకు తెలుసు. ఆసుపత్రిలో ఉన్న వసతి ఇంట్లో ఉండదు. నేను చేసే క్రమం చెబుతాను, మీరు పక్కన నిలబడి చూసేటప్పుడు ఉపయోగపడుతుంది.

ఇంటికి వెళ్లగానే కిటికీ గాలి, ఫ్యాను ఆపిస్తాను, పెంపుడు జంతువులను, పిల్లలను గది బయట ఉంచమంటాను. కావలసిన సామాను అంతా ఉన్నదో లేదో ముందే చూసుకుంటాను, ఎందుకంటే సగంలో లేచి వెళితే మొత్తం మళ్లీ మొదలుపెట్టాలి. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్ ద్రావణంతో అయితే 20 నుంచి 30 సెకన్లు చేతులు శుభ్రం చేసుకుంటాను. నేను మాస్కు వేసుకుని, రోగికీ వేసి, ముఖం అవతలి వైపుకు తిప్పుకోమంటాను. మామూలు గ్లవ్స్‌తో పాత పొరను తీస్తాను. తీసే దిశ ముఖ్యం. హబ్ వైపు నుంచి రంధ్రం వైపుకు, చర్మానికి సమాంతరంగా, మరొక చేత్తో లైన్‌ను అదిమిపట్టి తీయాలి. ఎదురుగా లాగితే లైన్ బయటికి వస్తుంది. దగ్గరలో కత్తెర వాడను. ఆపైన ఎరుపు, వాపు, ఊట ఉన్నాయేమో చూస్తాను, రంధ్రం నుంచి బయట ఉన్న గొట్టం పొడవు కొలుస్తాను.

అప్పుడు గ్లవ్స్ తీసేసి, చేతులు మళ్లీ శుభ్రం చేసుకుని, స్టెరైల్ గ్లవ్స్ వేసుకుంటాను. రుద్దడం, ఆరనివ్వడం రాత్రిడ్యూటీ గారు చెప్పినట్లే. లైన్ కదలకుండా పట్టే అతుకుడు పరికరాన్ని కూడా అదే సమయంలో మారుస్తాను. రంధ్రం మధ్యలోకి వచ్చేలా పొరను లాగకుండా అంటించి, తేదీ రాసి, వివరాలు పుస్తకంలో నమోదు చేస్తాను.

గుండెవార్డు

చక్కటి క్రమం. స్టెరైల్ గ్లవ్స్ తప్పనిసరా అన్న దానిపై మాత్రం ఒక మాట. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు శుభ్రమైన గ్లవ్స్ గాని స్టెరైల్ గ్లవ్స్ గాని వాడవచ్చని సీడీసీ మాట. రంధ్రాన్ని ముట్టుకోకుండా చేయగలిగితే శుభ్రమైన గ్లవ్స్ సరిపోతాయి.

ఇంటిసేవ_నర్సు

ముట్టుకోకుండా చేయడం ఆసుపత్రి మంచం మీద సాధ్యమవుతుంది. ఇంట్లో దివాన్ మీద వంగి, ఒక చేత్తో లైన్ పట్టుకుని చేసేటప్పుడు వేలు తగలదని హామీ ఇవ్వలేను. తెల్లకణాలు తక్కువున్న రోగి దగ్గర ఆ సాహసం చేయను.

గుండెవార్డు

ఆ పరిస్థితిలో మీ నిర్ణయమే సరైనది. నేను వార్డును దృష్టిలో పెట్టుకుని రాశాను.

పసిపిల్లల_విభాగం

క్లోర్‌హెక్సిడిన్ గురించి ఇంతమంది రాశారు కనుక పసికందుల మాట చెప్పకుండా ఉండలేను. నెలలు నిండకుండా పుట్టినవారి చర్మం చాలా పలుచన, వారిలో ఇది రసాయనిక కాలుడు గాయాలు కలిగించవచ్చు. 2 నెలల లోపు శిశువులకు వాడాలంటే ఆ విభాగపు వైద్యులే నిర్ణయించాలి. క్లోర్‌హెక్సిడిన్ కలిపిన స్పాంజి, జెల్ డ్రెస్సింగ్‌లు కూడా ఆ వయసు దాటినవారికే సిఫారసు చేస్తారు. పెద్దల లైన్ కోసం రాసినది చదివి చంటిబిడ్డకు ఎవరూ చేయవద్దు.

హిక్‌మన్_తో_జీవితం

పొర కింద దురద విపరీతంగా వచ్చి, చర్మం పొర ఆకారంలో చతురస్రంగా ఎర్రబడినప్పుడు మొదట ఇన్‌ఫెక్షన్ అనుకుని భయపడ్డాము. జిగురు పడకపోవడం వల్ల వచ్చినదని తరువాత తేలింది. ఆల్కహాల్ లేని రక్షణ పూత పూసి, ఆరాక, వేరే రకం పొర అంటించడం మొదలుపెట్టాక తగ్గింది. దురద పుట్టినప్పుడు పొర కింద వేలు దూర్చకుండా వెంటనే చెప్పమని అమ్మగారికి చెప్పండి.

కల్చర్_ప్లేటు

ఎర్రదనం పొర అంచుల ఆకారంలో ఉంటే జిగురును, మందు పూసినంత మేర ఉంటే క్లోర్‌హెక్సిడిన్‌ను, రంధ్రం చుట్టూ మొదలై లైన్ వెంట పాకుతుంటే ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించడం సాధారణంగా చేసే పని. ఇది మొదటి అంచనా మాత్రమే, చికిత్స చేస్తున్నవారు చూసి తీరాలి. క్లోర్‌హెక్సిడిన్ పూసిన వెంటనే ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి అందకపోవడం వస్తే అది తీవ్రమైన అలర్జీ, అత్యవసరంగా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అరుదే అయినా ఇలాంటివి నమోదయ్యాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో ప్రత్యేకంగా హెచ్చరించింది.

అమ్మకుతోడు

నర్సు గారితో కూర్చుని ఈ విషయాలన్నీ మాట్లాడాను. ఆసుపత్రి నుంచి రాతపూర్వకమైన సూచన తెచ్చి చూపిస్తే అలాగే చేస్తానని ఆవిడ అన్నారు, అది న్యాయంగానే తోచింది. ఆసుపత్రివారు ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. ఆవిడకు ఇంకా ఒక సందేహం మిగిలింది. రోజూ మార్చినా, వారానికి మార్చినా తేడా లేదని నిజంగా ఎవరైనా పరీక్షించారా అని అడిగారు.

ఇంకొకటి, నిన్నటి నుంచి మోచేతి వైపు పొర అంచు కొద్దిగా లేచింది. మీద ప్లాస్టర్ అంటిస్తే సరిపోతుందా?

రాత్రిడ్యూటీ

ముందు రెండవ ప్రశ్న. ప్లాస్టర్ అంటించవద్దు, ఇవాళే మార్పించండి. లేచిన అంచు కింద ఇప్పటికే గాలి, తడి చేరి ఉంటాయి, మీద ప్లాస్టర్ వేస్తే వాటిని లోపల బిగించినట్టవుతుంది.

గుండెవార్డు

మొదటి ప్రశ్నకు నేను చెబుతాను, ఆవిడ అడగవలసిన ప్రశ్నే అడిగారు. రోజూ మార్చడాన్ని కాకుండా, 3 రోజులకొకసారి మార్చడాన్ని 7 రోజులకొకసారి మార్చడంతో పోల్చారు. ఫ్రాన్స్‌లోని 7 ఐసీయూల్లో 1,636 మంది రోగులతో జరిగిన ఆ అధ్యయనం 2009లో జామా వైద్య పత్రికలో వచ్చింది. డ్రెస్సింగ్ శుభ్రంగా, అంటుకుని ఉన్నంతవరకు 7 రోజుల పద్ధతి ఏ విధంగానూ వెనుకబడలేదు. క్లోర్‌హెక్సిడిన్ స్పాంజి పెట్టినవారిలో తీవ్రమైన క్యాథెటర్ ఇన్‌ఫెక్షన్లు వెయ్యి క్యాథెటర్ రోజులకు 1.4 నుంచి 0.6కు తగ్గాయన్నది కూడా అందులోని ఫలితమే.

అదే బృందం ఆ సమాచారాన్నే మళ్లీ పరిశీలించి 2012లో ప్రచురించినది ఆవిడకు తప్పక చెప్పండి. ఐసీయూలో డ్రెస్సింగ్‌లలో దాదాపు మూడింట రెండు వంతులు ఊడిపోవడం వల్లనో, మురికి కావడం వల్లనో గడువుకు ముందే మార్చవలసి వచ్చింది. రెండవసారి కూడా అలా చెదిరిన తరువాత తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ముప్పు మూడు రెట్లకు పైగా పెరిగింది. ఎన్నో రోజు అన్నదాని కన్నా, అంచు చెక్కుచెదరకుండా ఉన్నదా లేదా అన్నదే చూడవలసినదని నేను గట్టిగా నమ్మడానికి ఆధారం అదే.

పాత_స్టాఫ్‌నర్సు

ఈ చివరి మాటతో నేను మొదట రాసినదీ మీరు రాసినదీ ఒకచోటికి వచ్చాయి. ఊడిన డ్రెస్సింగ్‌ను వారం వరకు ఆపడమే నా అభ్యంతరం, బాగున్నదాన్ని విప్పమని నేను పట్టుబట్టను.

స్నానం_సందేహం

మా నాన్నగారికి మెడ దగ్గర లైన్ ఉంది. స్నానం పూర్తిగా మానిపించాలా? తుడిచి వదిలేస్తున్నాము గాని ఆయన చాలా ఇబ్బంది పడుతున్నారు.

ఇంటిసేవ_నర్సు

మెడ లైన్‌కు తుడవడమే క్షేమం, ఆ చోట నీరు చేరకుండా కప్పడం చాలా కష్టం. చేతి పిక్ లైన్ ఉన్నవారు నీరు చొరని కవరుతో లైన్‌ను, హబ్‌ను పూర్తిగా కప్పి, ఆ చెయ్యి పైకి ఎత్తి పట్టుకుని షవర్ కింద స్నానం చేయవచ్చు, చికిత్స బృందం అనుమతి ఉండాలి. టబ్బులో, చెరువులో, కొలనులో మునగడం ఎవరికీ కూడదు. స్నానం అయ్యాక పొర కింద తేమ కనిపిస్తే మార్చాలి.

కల్చర్_ప్లేటు

చివరగా జ్వరం గురించి అమ్మకుతోడు గారికి ప్రత్యేకంగా రాస్తున్నాను. లైన్ ఫ్లష్ చేసిన కొద్దిసేపటికే వణుకుతో చలిజ్వరం వస్తే క్రిములు గొట్టం లోపల ఉన్నాయని అనుమానించాలి, ఆ లైన్‌ను ఇక వాడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లకణాలు తగ్గినవారిలో ఒక్కసారి 38.3 డిగ్రీల సెల్సియస్ వచ్చినా, 38 డిగ్రీలు గంటసేపు నిలిచినా అది అత్యవసర పరిస్థితే. మాత్ర వేసి తెల్లవారే వరకు చూద్దామనుకోవద్దు.

అక్కడ యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు లైన్ నుంచి ఒకటి, చేతి నరం నుంచి ఒకటి రక్త కల్చర్లు (క్రిములు పెరుగుతాయేమో చూసేందుకు సీసాల్లో పెట్టే రక్తం) ఒకే సమయంలో తీస్తారు. లైన్ సీసాలో క్రిములు రెండవదానికన్నా 2 గంటలు లేదా అంతకుమించి ముందుగా పెరిగితే మూలం లైన్ అని నిర్ధారణకు వస్తాము. రెండు సీసాల మీదా ఏది ఎక్కడి నుంచి తీశారో, ఏ సమయానికి తీశారో రాయకపోతే ఈ పోలిక చేయలేము.

అమ్మకుతోడు

అంచు లేచిన పొరను నర్సు గారు మార్చారు, నేను పక్కనే ఉన్నాను. ఈసారి క్లోర్‌హెక్సిడిన్ వాడి, గడియారం చూసి రుద్ది, ఆరేవరకు ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాము. బయట ఉన్న గొట్టం పొడవు డిశ్చార్జి కాగితంలో రాసినదానితో సరిపోయింది. జ్వరం వస్తే ఫోను చేయవలసిన నంబరు మంచం పక్కన అంటించాను. కీమో మధ్యలో కొంతకాలం విరామం ఉంటుందని అంటున్నారు, అప్పుడు కూడా లైన్ ఉంచుతారా?

రాత్రిడ్యూటీ

అది విరామం ఎంతకాలమో, చేతి నరాలు ఎలా ఉన్నాయో చూసి ఆంకాలజీ (క్యాన్సర్ వైద్య) విభాగంవారు నిర్ణయిస్తారు. ఉంచితే మందులు ఎక్కకపోయినా ఫ్లష్, వారానికొకసారి డ్రెస్సింగ్ కొనసాగాలి, ఈ జాగ్రత్తలన్నీ యథాతథంగా ఉంటాయి. వెళ్లిన ప్రతిసారీ "ఈ లైన్ ఇంకా అవసరమేనా" అని మీరే అడగండి. 2006లో వెలువడిన మిషిగన్ ఐసీయూల అధ్యయనంలో ఇన్‌ఫెక్షన్లను బాగా తగ్గించిన అయిదు పనుల్లో, చేతులు కడుక్కోవడం, క్లోర్‌హెక్సిడిన్ వాడటం వంటివాటితో పాటు, అవసరం తీరిన లైన్‌ను తీసివేయడం కూడా ఒకటి.